స్కానర్ లోపల పెట్టిన అంగడి

నమస్కారం.

2025 జూలైలో ఒక పొద్దున పాల ప్యాకెట్ కోసం మా వీధి చివరి అంగడికి వెళ్లాను. చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. బెంగళూరులో పాలకు పోతూ పర్సు పట్టుకెళ్లేవాళ్లు ఇప్పుడెవరున్నారు? తీరా చూస్తే గల్లాపెట్టె మీద ఎప్పుడూ ఉండే స్కానర్ లేదు. దాని చోట బిస్కెట్ల అట్టపెట్టె చించిన ముక్క ఒకటి ఆనించి పెట్టారు. స్కెచ్ పెన్నుతో కన్నడంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాశారు: యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే.

అంగడాయనది మదనపల్లె పక్క పల్లెటూరు. కె.ఆర్. పురంలో పన్నెండేళ్లుగా వ్యాపారం. చిన్న చిన్న అంగళ్లకు లెక్కలు రాసిపెట్టడం నా పని అని ఆయనకు తెలుసు.

"ఏమన్నా, స్కానర్ ఏమైంది?" అన్నాను.

"తీసి లోపల పెట్టేసినా అక్కా. దాంతోనే గదా జీఎస్టీ నోటీసులొచ్చేది."

"నీకొచ్చిందా?"

"రాలే. వచ్చేలోపలే తీసేస్తే పోలా?"

ఆ రోజు పాలు అప్పు మీద తెచ్చుకున్నాను.

సుంకరికి జడిసి చుట్టుదారిన పోతే సుంకరి ఇంటిముందే తెల్లవారిందని మనవాళ్ల సామెత. ఎడ్లబండ్ల మీద సరుకు తోలిన కాలం నాటిది. ఊరి పొలిమేరలో సుంకం కట్టాల్సి వస్తుందని రాత్రంతా బండిని అడ్డదారుల్లో తిప్పితే, తెల్లారేసరికి ఎదురుగా అదే సుంకరి కూర్చుని ఉన్నాడట. జూలైలో స్కానర్ తీసేసిన అంగళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ బండే గుర్తొచ్చేది. ఎందుకంటే కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చూసింది ఆ నెల లెక్క కాదు. 2021-22 నుంచి 2024-25 దాకా నాలుగేళ్లలో ఎవరి ఖాతాకు యూపీఐ ద్వారా ఎంత వచ్చిందో ఆ చెల్లింపులు నడిపే సంస్థల నుంచి అప్పటికే తెప్పించుకుంది. ఇప్పుడు స్కానర్‌ను లోపల పెట్టినా, నూతిలో వేసినా ఆ నాలుగేళ్ల లెక్క చెరగదు. పైగా నోట్లు తీసుకుంటే అమ్మకం కాకుండా పోదు. చట్టానికి నోటైనా ఒకటే, స్కానైనా ఒకటే.

ఆ లెక్క చూసి, జీఎస్టీ కట్టలేదంటూ శాఖ పంపిన నోటీసులు వచ్చింది బేకరీలకు, టీ అంగళ్లకు, పాల బూతులకు, ఇక్కడ కాండిమెంట్స్ అని పిలిచే చిరుతిళ్ల అంగళ్లకు. హావేరిలో కూరగాయలమ్మే ఒకాయనకు యూపీఐలో 1.63 కోట్లు వచ్చాయని, 29 లక్షలు కట్టాలని నోటీసు వెళ్లిన సంగతి పేపర్లన్నీ రాశాయి. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు! వ్యాపారులు జూలై 25న బంద్ అన్నారు. 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వాళ్లతో కూర్చుని మాట్లాడారు. పన్ను లేని సరుకు అమ్మినవాళ్ల దగ్గర పాత బకాయి అడగబోమని, మిగతావాళ్లు రిజిస్టర్ కావాలని చెప్పారు. బంద్ ఆగింది. ఈలోపల రాష్ట్రం వాళ్లు ఇది కేంద్రం పన్ను అన్నారు, కేంద్రం వాళ్లు నోటీసు పంపింది రాష్ట్రమే కదా అన్నారు. చిన్న అంగడిలో కొన్న సబ్బు మీద జీఎస్టీలో సగం వీళ్లకు, సగం వాళ్లకు పోతుంది. తిట్లు పంచుకోవాల్సి వచ్చేసరికి మాత్రం ఎవరి వాటా వాళ్లకు గుర్తురాలేదు.

సరే, ఆ నోటీసుల్లో లెక్క తప్పింది ఎక్కడ? మా అంగడాయన తప్పుకోవాలని చూసింది దేన్నుంచి?

మొదటి చిక్కు ఒక్క మాటలో ఉంది. టర్నోవర్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా దాన్ని లాభం అనుకుంటారు. "నాకు ఏడాదికి 40 లక్షలు యాడ మిగుల్తాయక్కా" అంటారు. మిగిలింది కాదు, అమ్మింది. సరుకులమ్మే అంగడికి కర్ణాటకలో ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 40 లక్షలంటే పెద్ద సేఠ్‌ల వ్యవహారంలా వినిపిస్తుంది. 365తో భాగించి చూడండి, రోజుకు 11 వేలు. పొద్దున ఆరుకు తలుపు తీసి రాత్రి పదికి మూసే అంగడికి ఇది పెద్ద మొత్తమేమీ కాదు. పాలు, పెరుగు, బిస్కెట్లు, వంటనూనె కలిస్తే మధ్యాహ్నం మూడుకల్లా అయిపోతుంది. పాల ప్యాకెట్ మీద ఆయనకు మిగిలేది రూపాయో రెండో. టర్నోవర్‌లో మాత్రం ప్యాకెట్ పూర్తి ధర ఎక్కుతుంది.

రెండో చిక్కు ఇంకా చిత్రమైనది. పాలకు పన్ను లేదు, కూరగాయలకు లేదు, కోడిగుడ్లకు లేదు. ఇలాంటివి మాత్రమే అమ్మేవాళ్లకు ఎన్ని కోట్లు దాటినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే అంగట్లో ఒక పక్క సబ్బులు, బిస్కెట్లు కూడా పెట్టారనుకోండి, అప్పుడు 40 లక్షలు దాటాయో లేదో చూసేందుకు పాలనూ కలుపుతారు. పన్ను కట్టేటప్పుడు పాలను తీసేస్తారు. అంటే గీత దాటించేది పాలు, పన్ను కట్టేది సబ్బు. ఇది ఒకసారి చెబితే అర్థం కాదు. నాకూ ఒకసారికి అర్థం కాలేదు.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ప్రత్యేకం. హైదరాబాదులో ఉండే బావమరిది ఫోన్ చేసి "40 కాదు బావా, 20 లక్షలే" అని భయపెడతాడు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. 2019 ఏప్రిల్ నుంచి సరుకుల పరిమితిని 40 లక్షలకు పెంచినప్పుడు కొన్ని రాష్ట్రాలు పాత 20 లక్షలే ఉంచుకున్నాయి. వాటిలో తెలంగాణ ఒకటి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక 40కి వెళ్లాయి. అంగడి ఎక్కడుంటే లెక్క అక్కడిది. బావమరిది ఊరి లెక్క బావమరిదికే.

మెస్ నడిపేవాళ్లు మాత్రం ఈ 40 చూసి సంతోషపడకూడదు. వండి వడ్డించడం సేవ కిందికి వస్తుంది. సేవలకు ఇక్కడ కూడా 20 లక్షలే. భోజనం వంద రూపాయలనుకుంటే రోజుకు 55 భోజనాలు. మారతహళ్లిలో ముద్దపప్పు, గోంగూర పెట్టే ఏ ఆంధ్రా మెస్‌లోనైనా మధ్యాహ్నం ఒంటిగంటకు నిలబడి చూడండి, ఆ లెక్క ఎంతసేపట్లో దాటుతుందో తెలుస్తుంది.

ఇంతకూ ఫోన్లోకి వచ్చిన డబ్బంతా అమ్మకమేనా? కాదు. నోటీసులందుకున్నవాళ్లు చెప్పుకోగలిగిన గట్టి జవాబు ఇదే. మా అంగడాయన ఖాతానే తీసుకోండి. చీటీ పాడిన డబ్బు వచ్చింది. చెల్లెలి మొగుడు పాత అప్పు తీర్చాడు. పక్క సందు ఆటో అతనికి రెండు వేలు క్యాష్ కావాలంటే ఈయన గల్లాలోంచి నోట్లిచ్చి ఫోన్లో వేయించుకున్నాడు. ఏటీఎం దూరంగా ఉన్న వీధుల్లో అంగడే ఏటీఎం, కమిషన్ కూడా ఉండదు. ఇవన్నీ యూపీఐ మొత్తంలో అమ్మకాలతో కలిసిపోయి కనబడతాయి. నోటీసు అంటే కట్టి తీరాలన్న తీర్పు కాదు, జవాబు చెప్పుకోవచ్చని శాఖ కూడా చెప్పింది. ఏది అమ్మకం, ఏది కాదో చూపిస్తే తీసేస్తారు. చూపించడానికి కాగితం ఉండాలి. నోటిమాటతో చెప్పుకోబోతే మళ్లీ సామెతే, సుంకరి ముందర సుఖదుఃఖాలు. అందుకే నేను అందరికీ ఒకటే చెబుతుంటాను. వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా. స్కానర్ వ్యాపారం ఖాతాకే. చీటీ డబ్బు దాన్లోకి రానివ్వకండి.

రిజిస్టరయితే నెలనెలా ఆడిటర్ చుట్టూ తిరగాలని చాలామందికి టెన్షన్. చిన్నవాళ్లకు కాంపోజిషన్ స్కీమ్ ఉంది. ఏడాదికి కోటిన్నర లోపు సరుకు వ్యాపారమైతే, పన్ను పడే అమ్మకం మీద నూటికి ఒక రూపాయి. మందు అమ్మని హోటళ్లకు ఐదు. మూడు నెలలకోసారి కట్టి, ఏడాదికోసారి రిటర్న్ వేస్తే చాలు. ఆ రూపాయిని కొనేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయకూడదు, తన లాభంలోంచే కట్టాలి. తాను సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకోవడం కూడా కుదరదు. వేరే రాష్ట్రానికి అమ్మకూడదు.

ఈ చివరి షరతు దగ్గర కాస్త ఆగాలి. మన ఆడవాళ్లు చాలామంది ఇళ్లలో ఆవకాయ, గోంగూర, పొడులు పెట్టి అమ్ముతున్నారు. ఊళ్లో అమ్ముకున్నంతకాలం 40 లక్షల మాట. కొరియర్‌లో వేరే రాష్ట్రానికి పంపి అమ్మారా, పరిమితి అంటూ లేదు. మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి. కాంపోజిషన్ కూడా దొరకదు. హైదరాబాదు దాకా ఎందుకు, ఇక్కడి హోసూరే వేరే రాష్ట్రం. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ దారిలో సరిహద్దున ఉన్న అత్తిబెలె దగ్గర పన్నుల చెక్‌పోస్టు ఎత్తేశారు. కానీ చట్టంలో ఆ గీత అలాగే ఉంది. పచ్చడి సీసా దాన్ని దాటుతున్న సంగతి పెట్టినావిడకు తెలియదు. నా మటుకు నాకు ఇది సరిగ్గా లేదనిపిస్తుంది. ఇంట్లో నుంచి సేవలు అమ్మేవాళ్లు, అంటే డిజైన్లు గీసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, వేరే రాష్ట్రానికి అమ్మినా 20 లక్షల దాకా మినహాయింపు ఇచ్చారు. ఆవకాయ చేసిన పాపమేమిటో!

పీజీలు నడిపే మనవాళ్లు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. 2023లో ఇక్కడి అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ, అంటే దేనికి పన్ను పడుతుందో ముందే తేల్చి చెప్పే సంస్థ, హాస్టల్ అద్దెకు 12 శాతం పన్ను వర్తిస్తుందంది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ దారి మార్చింది. మనిషికి నెలకు 20 వేలు దాటకుండా, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ల అద్దెకు పన్ను లేదంది.

ఇంతసేపూ జీఎస్టీ గురించే చెప్పాను. అంగడాయన లెక్కలో అదొక్కటే కాదు. కార్పొరేషన్‌కు ఏటా ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్. బిల్డింగ్ ఓనర్ కట్టే ఆస్తి పన్ను పెరిగితే అది అద్దెలో తేలుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పన్నుతో పాటే చెత్త రుసుము. సెప్టెంబరు 2 నుంచి బెంగళూరంతటికీ ఒకటే కార్పొరేషన్‌గా ఉన్న పాత బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్. లైసెన్స్ కాగితం ఏ ఆఫీసుకు తీసుకెళ్లాలో తెలుసుకోవడమే ఒక పూట పని.

వృత్తి పన్ను సంగతి వినండి. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏ మనిషి దగ్గరైనా ఏడాదికి 2,500 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఆ అంకె 1988లో పెట్టింది, ఇప్పటికీ అదే. కర్ణాటకలో 25 వేలు, ఆపైన జీతమున్నవాళ్లకు నెలకు 200, అంటే ఏడాదికి 2,400. వంద తక్కువైంది కదా! 2025 ఏప్రిల్‌లో నిబంధన మార్చి, ఒక్క ఫిబ్రవరిలో 300 కోసేలా చేశారు. ఇక్కడ ఈ పన్నును రాష్ట్ర శాఖ తీసుకుంటుంది. చెన్నైలో అయితే కార్పొరేషన్, అదీ ఆరు నెలలకోసారి.

మళ్లీ మా అంగడికి వద్దాం. స్కానర్ మూడు వారాలే లోపల ఉంది. పిల్లలంతా ఎదురు అంగడికి పోతుంటే చూస్తూ కూర్చోలేక ఆయనే తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. నేను ఒక నోటు పుస్తకం ఇచ్చి, నెలరోజులు రోజూ ఎంత అమ్మావో రాయమన్నాను. పన్ను లేనివి ఒక పక్క, ఉన్నవి ఇంకో పక్క. సెప్టెంబరు చివర్లో పుస్తకం తెచ్చాడు. అప్పుడే సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5కు తగ్గింది, కొనేవాళ్లందరూ పాత స్టాక్‌కు కొత్త ధర అడుగుతున్నారని విసుక్కుంటూ వచ్చాడు.

కూడితే సగటున రోజుకు 13,400 తేలింది. ఏడాదికి దాదాపు 49 లక్షలు. దాన్లో సగం పాలు, గుడ్లు, కూరగాయలు. పన్ను పడేది 24 లక్షల యాభై వేలు. కాంపోజిషన్‌లో నూటికి రూపాయి అంటే ఏడాదికి 24,500. నెలకు రెండు వేల చిల్లర.

"ఇంతేనా అక్కా?" అన్నాడు. మూడు నెలలుగా నిద్ర పోగొట్టుకున్నది దీనికా అన్నట్టు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మరి పోయినేడాదిది? అంతకు ముందుది?" అని అడిగాడు.

వెనక సంవత్సరాలకు కాంపోజిషన్ ఇవ్వరు. అప్పుడు గీత దాటి ఉంటే పన్ను పడే సరుకు మీద మామూలు రేటు, పైన వడ్డీ. ఆ మాటే చెప్పాను. ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, పాత పాస్‌బుక్కులు బీరువాలో ఉన్నాయో, ఊళ్లో ఇంట్లో ఉన్నాయో ఇంటామెను అడిగి వస్తానని వెళ్లాడు.