తలుపు కిందనుంచి వచ్చిన పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

జైలు, కవిత్వం అనగానే మనకు ముందు దాశరథి గుర్తొస్తారు. నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి. అయితే ఆయన నిజాం మీద పోరాడి లోపలికి వెళ్ళారు, వెళ్ళేటప్పటికే కవి. నేను ఇవాళ చెప్పబోయేది నేరం చేసి జైలుకు వెళ్ళినవాడి కథ. లోపలికి వెళ్ళాకే కవి అయినవాడి కథ.

అతని పేరు రెజినాల్డ్ డ్వేన్ బెట్స్. అమెరికాలో నల్లజాతి కుర్రవాడు. బాగా చదువుకునేవాడు, తన క్లాసుకు ట్రెజరర్ కూడా. 1996లో, పదహారేళ్ళ వయసులో, ఒక స్నేహితుడితో కలిసి వర్జీనియాలో కారులో నిద్రపోతున్న మనిషికి పిస్తోలు చూపించి ఆ కారు లాక్కున్నాడు. కోర్టు అతన్ని బాలుడిగా చూడలేదు. పెద్దవాళ్ళకు వేసినట్టే తొమ్మిదేళ్ళు వేసింది. ఎనిమిదేళ్ళ పైచిలుకు లోపలే గడిపాడు.

ఆ కారులో మనిషి సంగతేమిటండీ అని మీలో కొందరు అడుగుతారు. అడగాల్సిందే. బెట్స్ కూడా ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. తను చేసింది నేరమేనని రాస్తూనే ఉన్నాడు.

సరే, అసలు ఘట్టానికి వస్తాను. అతన్ని కొంతకాలం ఒంటరి సెల్లులో పెట్టారు. మాట్లాడే మనిషి లేడు, చేసే పని లేదు. అక్కడ ఖైదీలు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. పుస్తకం కావాలంటే గట్టిగా అరవాలి. ఎవరి దగ్గరైనా ఉంటే నేల మీద జరుపుతూ చేరవేస్తారు. ఒకరోజు బెట్స్ కూడా అరిచాడు: ఎవరైనా ఒక పుస్తకం పంపండి అని. ఏ పుస్తకమో చెప్పలేదు. తలుపు కిందనుంచి ఒక పుస్తకం లోపలికొచ్చింది. ఎవరు పంపారో తెలియదు. ఇవాళ్టికీ తెలియదు.

అది ‘ది బ్లాక్ పోయెట్స్’ అనే కవితా సంకలనం. 1971లో వచ్చింది. కూర్చినవాడు డడ్లీ రాండాల్, డెట్రాయిట్‌లో లైబ్రేరియన్. అందులో ఎథరిడ్జ్ నైట్ అనే కవి బెట్స్‌ని పట్టేశాడు. ఎందుకంటే నైట్ కూడా ఖైదీయే. దోపిడీ కేసులో ఇండియానా జైల్లో ఉండగా కవిత్వం మొదలుపెట్టాడు. గ్వెండొలిన్ బ్రూక్స్ అంతటి పెద్ద కవయిత్రి ఆ జైలుకు వెళ్ళి అతన్ని చూసింది, రాయమని ప్రోత్సహించింది. 1968లో అతని మొదటి పుస్తకాన్ని అచ్చువేసింది ఎవరనుకున్నారు? ఆ లైబ్రేరియన్ రాండాలే, తన సొంత చిన్న ప్రచురణ సంస్థలో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బ్రూక్స్ జైలుకు వెళ్ళకపోతే? రాండాల్ ఆ పుస్తకం వేయకపోతే? పక్క సెల్లులో ఆ పేరు తెలియని మనిషి, ‘నా పుస్తకం నేనెందుకివ్వాలి’ అనుకుంటే? వీళ్ళలో మొదటి ఇద్దరికీ బెట్స్ అనేవాడు ఉన్నాడని కూడా తెలియదు. మెంటారింగ్, అదే, ఒకరికి దారి చూపడం అంటే మనం ఒక గది, ఒక కుర్చీ, వారానికో క్లాసు అనుకుంటాం. నాకైతే ఇది కూడా మెంటారింగే అనిపిస్తుంది. అసలు ఇదే ముందు అనిపిస్తుంది.

బెట్స్ 2005లో విడుదలయ్యాడు. బయటికొచ్చాక చేసిన పనుల్లో నాకు నచ్చింది మొదటిదే. మేరీల్యాండ్‌లో కరిబు అనే పుస్తకాల షాపులో ఉద్యోగం దొరికింది. అక్కడే నల్లజాతి మగపిల్లల కోసం ఒక పుస్తక బృందం పెట్టాడు. పిల్లలు వచ్చి కూర్చుని, చదివిన దాని గురించి మాట్లాడుకోవాలి, అంతే. జైలునుంచి వచ్చినవాడు మా పిల్లలకు చెప్పేదేమిటి అనకుండా ఆ షాపువాళ్ళు చోటిచ్చారు చూడండి, అది చిన్న విషయం కాదు. మన ఊళ్ళో అయితే అద్దెకు ఇల్లు కూడా ఇవ్వరు.

మిగతాది గబగబా చెప్పేస్తాను, టైము తరుముతోంది. కవితా సంపుటాలు వచ్చాయి. యేల్ యూనివర్సిటీలో లా చదివి లాయరయ్యాడు. జైల్లో పరిచయమైన స్నేహితుల పెరోల్ కోసం పనిచేశాడు. 2020లో ఫ్రీడమ్ రీడ్స్ అనే సంస్థ పెట్టాడు, ఆ మరుసటి ఏడే అమెరికాలో పెద్ద గౌరవంగా చూసే మకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

ఈ ఫ్రీడమ్ రీడ్స్ పని ఏమిటంటే, 500 పుస్తకాల లైబ్రరీని తీసుకెళ్ళి ఖైదీలు ఉండే బ్లాకులోనే పెట్టడం. ఎక్కడో ఆఫీసు పక్కన తాళం వేసిన గదిలో కాదు, వాళ్ళు పడుకునే చోటే. చెక్క అరలు, అవీ వంపు తిరిగి ఉంటాయి, ఎందుకంటే జైల్లో కంటికి కనిపించేవన్నీ తిన్నని గీతలే. ఎత్తు 44 అంగుళాలే. అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు నిలబడి పుస్తకం తీసుకుంటూ మొహాలు చూసుకుని మాట్లాడుకోవచ్చు. అక్కడ అరిచి అడగక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు.

ఇది విని, మనమేం చేయగలం అని అడిగేవాళ్ళకు ఒక్క మాట. రాజమండ్రి, విశాఖ, చర్లపల్లి, ఇలా మనకూ సెంట్రల్ జైళ్ళున్నాయి. పుస్తకాలు ఇవ్వాలనుకుంటే ముందు సూపరింటెండెంటు ఆఫీసును అడగండి, ఏవి తీసుకుంటారు, ఎలా పంపాలి అని. లోపలికి వెళ్ళే ప్రతిదీ తనిఖీ అవుతుంది. అటక మీద దుమ్ము పట్టిన గైడ్లు, పాత డైరీలు దయచేసి పంపకండి. పది పుస్తకాలు ఇస్తే అందులో ఒకటైనా కవితా సంకలనం ఉండేలా చూడండి. ఒక్క కవి పుస్తకం కన్నా పదిమంది కవులున్న పుస్తకం మేలు, ఎవరికి ఎవరి గొంతు పట్టేస్తుందో మనం చెప్పలేం. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉన్నవి చూసి తీసుకోండి. లోపల ఈమధ్యే చదవడం నేర్చుకున్నవాళ్ళు కూడా ఉంటారు.

సెలవు.