కిరాణా అరల మధ్య ఎర్ర చుక్క: మేపుల్ లీఫ్ గార్డెన్స్ కథ

[దృశ్యం: సూపర్ మార్కెట్ నేల. అరల మధ్య ఒక ఎర్ర చుక్క. దాని మీదుగా తోపుడు బండి చక్రాలు కదులుతాయి.]

ఈ చుక్కను చూడండి. కెనడాలోని టొరంటోలో కార్ల్‌టన్ వీధి, చర్చ్ వీధి కలిసే చోట ఉన్న సూపర్ మార్కెట్ ఇది. సరుకులకు వచ్చినవాళ్లు చాలామంది దీన్ని చూడకుండానే దాటిపోతారు. కొందరు మాత్రం ఆగి ఫోటో తీసుకుంటారు. 67 ఏళ్లకు పైగా ఐస్ హాకీ ఆడిన మేపుల్ లీఫ్ గార్డెన్స్ అనే స్టేడియంలో మంచు మైదానానికి నడిబొడ్డు ఇదే మరి.

[దృశ్యం: 1931 నాటి నలుపు తెలుపు ఫోటోలు. ఉక్కు దూలాలు, ఇటుక గోడలు.]

అది మహామాంద్యం కాలం. పనులు దొరకడం లేదు, అప్పు పుట్టడం లేదు. టొరంటో మేపుల్ లీఫ్స్ హాకీ జట్టును నడుపుతున్న కాన్ స్మైత్ మాత్రం కొత్త స్టేడియం కట్టి తీరాలని పట్టుబట్టారు. డబ్బు చాలలేదు. అప్పుడు ఆయన సహాయకుడు ఫ్రాంక్ సెల్కీ కార్మిక సంఘాల తలుపు తట్టారు. సెల్కీ స్వయంగా ఎలక్ట్రీషియన్, సంఘంలో పనిచేసిన మనిషి. కూలిలో 20 శాతాన్ని డబ్బుగా కాకుండా గార్డెన్స్ వాటాలుగా తీసుకోమని అడిగారు. వాళ్లు ఒప్పుకున్నారు.

ఈ భవనం చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ ఒప్పందమే. ఇంట్లో పొయ్యి వెలగడమే గగనమైన రోజుల్లో, ప్రతి ఐదు డాలర్లలో ఒకటి వాటా కాగితంగా తీసుకుని ఇటుక మీద ఇటుక పేర్చారు. జూన్ 1న పని మొదలైతే నవంబరు 12న తొలి ఆట జరిగింది. ఐదున్నర నెలలు కూడా పట్టలేదు!

[దృశ్యం: మంచు అడుగున గొట్టాలను చూపే బొమ్మ.]

లోపల మంచు ఎలా నిలుస్తుంది? ఇలాంటి మైదానాల్లో నేల కింద వరసగా గొట్టాలుంటాయి. వాటిలో బాగా చల్లబరిచిన ఉప్పునీరు తిరుగుతుంది. మంచినీరు గడ్డకట్టే చలిలోనూ ఉప్పునీరు పారుతూనే ఉంటుంది. అందుకే పైన పలచగా పోసిన నీరు పొర మీద పొరగా మంచు అవుతుంది.

తొలి రాత్రి 13 వేలకు పైగా జనం వచ్చారు. లీఫ్స్ 2-1 తేడాతో షికాగో జట్టు చేతిలో ఓడిపోయింది. అయినా ఆ సీజన్‌లోనే హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. ఈ భవనంలో ఉండగా లీఫ్స్ గెలిచిన 11 స్టాన్లీ కప్పుల్లో అది మొదటిది.

[దృశ్యం: పైకప్పు దగ్గర వేలాడే చిన్న గది. మైకు ముందు ఒక మనిషి.]

పైన వేలాడే ఆ గదిలోంచి ఫాస్టర్ హ్యూయిట్ రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవారు. ఒకప్పుడు మనం క్రికెట్ వ్యాఖ్యానం కోసం రేడియో చుట్టూ చేరినట్టే, శనివారం రాత్రి కెనడా ఇళ్లు ఆయన గొంతు కోసం ఎదురుచూసేవి. 1979లో యజమాని హెరాల్డ్ బాలార్డ్ హయాంలో ఆ గదిని ఊడదీసి కొలిమిలో కాల్చేశారు. హ్యూయిట్ అప్పటికి బతికే ఉన్నారు. ఇది క్షమించలేని పని.

అంతకంటే ఘోరం 1997లో బయటపడింది. ఇక్కడి ఉద్యోగులు కొందరు ఏళ్ల తరబడి పిల్లల మీద లైంగిక అత్యాచారాలు చేశారు. గార్డెన్స్ కథ చెప్పేవాళ్లు దీన్ని దాటేయకూడదు.

[దృశ్యం: 1999 ఫిబ్రవరి 13. మంచు మీద ఇద్దరు వృద్ధులు.]

లీఫ్స్ ఇక్కడ ఆడిన చివరి ఆటకూ ప్రత్యర్థి షికాగోనే. 1931లో ఇక్కడ మొట్టమొదటి గోలు కొట్టిన షికాగో ఆటగాడు మష్ మార్చ్‌ను పిలిచారు. ఆయనకు అప్పుడు 90 ఏళ్లు. ఆ తొలి గోలు తాలూకు నల్లటి రబ్బరు బిళ్లనే, అంటే పక్‌నే మళ్లీ తెచ్చారు. లీఫ్స్ పాత ఆటగాడు రెడ్ హార్నర్ ఆయనకు ఎదురుగా నిలబడ్డారు. ఆట మొదలుకు గుర్తుగా ఆ బిళ్ల ఇద్దరి మధ్య మంచు మీద పడింది. ఆట షికాగో 6-2తో గెలిచింది.

[దృశ్యం: నేటి భవనం. కింద దుకాణం, పైన మంచు.]

2011లో కింద సూపర్ మార్కెట్ తెరిచారు. మరుసటి ఏడాది పై అంతస్తులో ఒక విశ్వవిద్యాలయం కొత్త మంచు మైదానం తెరిచింది. ఇప్పుడు అక్కడ విద్యార్థులు హాకీ ఆడుతున్నారు. తల ఎత్తి చూస్తే, ఆనాటి కూలీలు నిలబెట్టిన ఉక్కు దూలాల పైకప్పే కనబడుతుంది.