కంపెనీ ‘తాగే’ నీళ్లు ఎన్ని? నౌపడ ఉప్పు మడి చెప్పే లెక్క

[దృశ్యం: నౌపడ ఉప్పు మళ్లు, ఉదయం. గట్టు మీద తెల్లటి ఉప్పు కుప్పలు.]

నమస్కారం. నా వెనకాల ఉన్నవి మన శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్లు. కంపెనీల నీళ్ల గురించి వీడియో అని చెప్పి ఇక్కడికి ఎందుకు వచ్చానంటే, ఫ్యాక్టరీ నీళ్ల లెక్క ఇక్కడ కంటికి కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించదు.

మొన్న మా మావయ్య ఫోన్ చేశాడు. వాళ్ల ఊరు రణస్థలం దగ్గర. అటువైపు కొత్తగా పెట్టబోయే ఒక ఫ్యాక్టరీ కాగితాన్ని ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారట. “ఏటిరా ఇది? రోజుకి 60 లక్షల లీటర్లంట! మన బోర్లన్నీ ఎండిపోవా?” అని ఒకటే టెన్షన్. నిజానికి ఆ 60 లక్షలు కంపెనీ తాగే నీళ్లు కావు. ఇంకోవైపు కొన్ని కంపెనీలు గేటు దగ్గర పెద్ద బోర్డు పెడతాయి: “మేం 98 శాతం నీళ్లు రీసైకిల్ చేస్తున్నాం” అని. అది చూసి మనవాళ్లే చప్పట్లు కొడతారు. ఆ భయానికీ ఈ చప్పట్లకీ కారణం ఒక్కటే పొరపాటు. తిరిగే నీళ్లనీ, కొత్తగా తెచ్చే నీళ్లనీ కలిపేయడం. ఎనిమిదేళ్లు ఒక పెద్ద కంపెనీ యుటిలిటీ సెక్షన్‌లో పనిచేసినవాణ్ని. ఈ పొరపాటు విన్న ప్రతిసారీ మనసు ఊరుకోదు.

ముందు ఆ 60 లక్షలు ఎక్కణ్నించి వచ్చాయో చూద్దాం.

[స్క్రీన్ మీద: కూలింగ్ టవర్ బొమ్మ. తొట్టి, పంపు, పైన ఫ్యాన్.]

పెద్ద ఫ్యాక్టరీలో నీళ్లు ఎక్కువగా ఖర్చయ్యేది చాలాసార్లు కూలింగ్ టవర్‌లోనే. బాత్రూముల్లో కాదు, క్యాంటీన్‌లో కాదు. యంత్రాల దగ్గర వేడెక్కిన నీళ్లు టవర్ పైనుంచి జల్లులా పడతాయి, ఫ్యాన్ గాలి లాగుతుంది, కొద్ది నీళ్లు ఆవిరై మిగతావాటి వేడి పట్టుకుపోతాయి. చల్లబడ్డ నీళ్లు మళ్లీ యంత్రాల దగ్గరికి. టవర్ మీద తెల్లగా లేచేది పొగ కాదు, నీటి ఆవిరే.

లీటరు నీళ్లు ఆవిరవడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. అంటే ఒక్క లీటరు పోతూ పోతూ ఇంకో 58 లీటర్లను 10 డిగ్రీలు చల్లబరుస్తుంది. కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఆగను.

మావయ్య పంపిన కాగితంలో టవర్‌లో తిరిగే నీళ్లు గంటకు 250 కిలోలీటర్లు. 24 గంటలకు 60 లక్షల లీటర్లు. కానీ కింద తొట్టిలో ఉండేది 80 వేల లీటర్లే! అవే నీళ్లు రోజుకు 75 సార్లు చుట్టు తిరిగితే 60 లక్షలు అవుతుంది. అందులో రోజూ ఆవిరయ్యేది సుమారు లక్ష లీటర్లు.

“సరే, లక్ష పోతే లక్ష పోస్తే సరిపోతుంది కదా?” సరిపోదు. అసలు కథ ఇక్కడే ఉంది.

[దృశ్యం: ఉప్పు మడి అంచు దగ్గర కూర్చుని, చేత్తో నీళ్లు తీసి చూపిస్తూ.]

లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇక్కడివాళ్లు ఆ నీళ్లను ఒక మడిలోంచి ఇంకో మడిలోకి వదులుతూ చిక్కబరుస్తారు. ఎండకు నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. ముందు పేరుకునేది మనం తినే ఉప్పు కాదు. మొదట సున్నపు పదార్థం, తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. ఆ తర్వాతే ఉప్పు పలుకు కడుతుంది. చివర్లో మిగిలే చేదు నీళ్లను బయటికి వదిలేయాలి, లేకపోతే ఉప్పే చేదెక్కుతుంది. ఈ గట్టు మీద పుట్టి పెరిగినవాళ్లు నీళ్లు వేళ్ల మధ్య రుద్ది చూసి ఏ మడి ఎంత చిక్కబడిందో చెప్పేస్తారు.

కూలింగ్ టవర్ కూడా ఒక ఉప్పు మడే. బోరు నీళ్లలోనూ, నాగావళి నీళ్లలోనూ ఎంతో కొంత ఉప్పూ సున్నమూ ఉంటాయి. రోజూ లక్ష లీటర్లు ఆవిరైతే ఆ లక్ష లీటర్ల ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. ఇక్కడ వరసలో ముందు దిగే సున్నమే అక్కడా ముందు దిగుతుంది, కాకపోతే మడి అడుగున కాదు, పైపుల్లో. ఒకసారి షట్‌డౌన్‌లో హీట్ ఎక్స్‌ఛేంజర్ (యంత్రాల వేడిని ఈ నీళ్లకు ఎక్కించే ట్యూబుల డబ్బా) మూత విప్పాం. అంగుళం వెడల్పు ట్యూబులో నా చిటికెన వేలు దూరలేదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంట్లో నీళ్లు కాచే హీటర్ కడ్డీకి పట్టే తెల్లటి గార ఉంటుందే, అచ్చం అదే.

అలా గార కట్టకుండా, ఇక్కడ చేదు నీళ్లు వదిలినట్టే టవర్‌లోంచి కూడా చిక్కబడ్డ నీళ్లు కొంచెం కొంచెంగా వదులుతారు. దాన్ని బ్లోడౌన్ అంటారు. ఆవిరైనవీ, వదిలేసినవీ కలిపి ఎన్నయితే అన్ని కొత్త నీళ్లు పోయాలి. అది మేకప్ వాటర్. కంపెనీ తాగేది అదీ! 60 లక్షలు కాదు.

ఎంత చిక్కబడ్డాక వదలాలి అన్నదాంట్లోనే పొదుపంతా ఉంది. కొత్త నీళ్లకంటే లోపలి నీళ్లలో ఉప్పు ఎన్ని రెట్లయిందో ఆ లెక్కను ప్లాంట్‌లో అందరూ సీఓసీ అంటారు.

[స్క్రీన్ మీద: మూడు గీతలు. 2 రెట్లు, 5 రెట్లు, 10 రెట్లు.]

రెండు రెట్లకే వదిలేస్తే ఆవిరికి లక్ష, బ్లోడౌన్‌కి ఇంకో లక్ష, మొత్తం 2 లక్షల లీటర్లు. ఐదు రెట్ల దాకా ఆగితే బ్లోడౌన్ 25 వేలే, మొత్తం 1.25 లక్షలు. రోజుకు 75 వేల లీటర్లు మిగిలాయి! కొత్త యంత్రం ఏదీ కొనలేదు, వాల్వు దగ్గర కాస్త ఓపిక పట్టారంతే. పది రెట్ల దాకా వెళ్తే మొత్తం 1.11 లక్షలు. అంటే ఐదు నుంచి పదికి వెళ్లి మిగిల్చేది 14 వేలే, గార కట్టే ప్రమాదం మాత్రం బాగా పెరుగుతుంది. అందుకే “మాది పది” అని గొప్పగా చెప్పేవాళ్లకంటే నిలకడగా ఐదు దగ్గర నడిపేవాళ్లంటేనే నాకు గౌరవం.

నేను పనిచేసిన చోట రాత్రి షిఫ్టులో బ్లోడౌన్ వాల్వు అర చుట్టు తెరిచి వదిలేసేవారు. గార కడితే మాట పడేది ఆపరేటరే. నీళ్లు పోతే ఎవరూ అడగరు. కాబట్టి అతని భయం అతనిది, తప్పు పట్టలేం. తెల్లారేసరికి కాలవలో వేల లీటర్లు. తర్వాత కండక్టివిటీ మీటర్ పెట్టి, ఉప్పు ఒక అంకె దాటితేనే వాల్వు దానంతటదే తెరుచుకునేలా చేశాక అది ఆగింది. ఇక్కడ వేళ్లతో రుద్ది చూసే పనే ఆ మీటరు చేస్తుంది.

ఇప్పుడు ఆ 98 శాతం బోర్డు సంగతి. 60 లక్షలు తిరుగుతున్నాయి, కొత్తవి 1.25 లక్షలు. అంటే రెండు శాతమే కొత్తవి కాబట్టి మిగతా 98 శాతం రీసైకిల్ అట! తొట్టిలో నీళ్లు చుట్టు తిరగడం రీసైకిల్ కాదు, అది టవర్ పని. వాల్వు తెరిచి వదిలేసిన రోజు కొత్తవి 2 లక్షలైనా ఆ బోర్డు మీద 97 శాతం దగ్గరే ఉంటుంది. దీన్ని పొదుపు అనడం నాకు అస్సలు నచ్చదు.

మన జిల్లాలో కంపెనీ నీళ్లంటే జనానికి అనుమానం ఊరికే పుట్టలేదు. 2010 జూలైలో సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలలను థర్మల్ ప్లాంటు నుంచి కాపాడుకోవడానికి నిలబడి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ లెక్క జనం చేతిలో ఉండాలనేది నా పట్టుదల.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

చక్కెర ఫ్యాక్టరీ. చెరకు బరువులో 70 శాతం దాకా నీళ్లే. వెయ్యి టన్నులు ఆడితే 700 టన్నుల నీళ్లు చెరకుతోనే వచ్చేస్తాయి. రసం చిక్కబెట్టేటప్పుడు లేచే ఆవిరిని చల్లార్చి బాయిలర్‌కి వాడుకోవచ్చు. ఇది కూడా ఉప్పు మడే, ఆవిరిని గాలికి వదలకుండా పట్టుకున్న మడి.

ఫార్మా. పైడిభీమవరం వైపు వెళ్తే జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అనే మాట వింటారు, అంటే వాడిన నీళ్లు చుక్క కూడా బయటికి వదలకపోవడం. వాడిన నీళ్లు శుద్ధి చేసి, ఆర్‌ఓ పెట్టి, మిగిలిన చిక్కటి నీళ్లను ఆవిరి యంత్రాల్లో ఎండగట్టి చివరికి పొడి ఉప్పు తీస్తారు. నౌపడలో సూర్యుడు ఉచితంగా చేసే పనిని అక్కడ బాయిలర్ చేయాలి, దానికి బొగ్గో గ్యాసో కాలాలి. పైగా ఆ ఉప్పులో రసాయనాలు ఉంటాయి, దాన్ని ప్రమాదకర వ్యర్థాల కోసం ప్రత్యేకంగా కట్టిన గుంతకే పంపాలి.

థర్మల్ విద్యుత్తు. కూలింగ్ టవర్లున్న పాత ప్లాంట్లు యూనిట్ కరెంటుకి 3.5 లీటర్లు దాటకూడదని 2015 డిసెంబర్‌లో కేంద్రం నిబంధన పెట్టింది.

వాన నీళ్లు. మన దగ్గర ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగానే పడుతుంది. 10,000 చదరపు మీటర్ల షెడ్డు కప్పు మీద పడేది కోటి లీటర్లు. అందులో 80 శాతం పట్టుకున్నా రోజుకు 1.25 లక్షల చొప్పున 64 రోజులకు వస్తాయి. అయితే ముప్పావు వంతు వాన నాలుగైదు నెలల్లోనే పడిపోతుంది కాబట్టి చెరువు తవ్వి నిలవ చేయాలి.

ఇక మావయ్య కాగితం. పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. నివేదికలో నీటి లెక్కల పట్టిక ఉంటుంది. ఫోన్‌లోనే ఆయనతో ఆ పేజీ వెతికించాను. మేకప్ వాటర్ 1.25 లక్షలు, అంటే ఐదు రెట్లు. బాగానే ఉంది. “బ్లోడౌన్ గీత ఎక్కడికి పోతోందో వేలు పెట్టి చూడు మావయ్యా” అన్నాను. కాసేపు ఆగి, “మొక్కలకంటరా” అన్నాడు.

ఐదు రెట్లు ఉప్పెక్కిన నీళ్లు, రోజుకు 25 వేల లీటర్లు, ఏడాది పొడుగునా మొక్కలకే. శ్రావణంలో వాన కురుస్తుంటే కూడా పోస్తారా? పోయకపోతే ఆ రోజు ఆ నీళ్లు ఎటు పోతాయి? ఈ రెండు ప్రశ్నలూ మావయ్య ఆ కాగితం వెనకే రాసి పెట్టుకున్నాడు.