చిన్న మామయ్య పోయాడు

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం. నేను గదిలో కంప్యూటర్ ముందున్నాను. అమ్మ వంటింట్లో పెసరట్లు పోస్తోంది. ఉన్నట్టుండి నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని "అయ్యో, చిన్న మామయ్య పోయాడు!" అని అరిచాను. వంటింట్లో గిన్నె ఏదో కిందపడ్డ చప్పుడు. మరుక్షణం అట్లకాడతో సహా అమ్మ గుమ్మంలో ఉంది. "ఎవరు ఫోన్ చేశార్రా? ఎప్పుడట?" అంటోంది. గొంతు వణుకుతోంది. చిన్న మామయ్య అంటే అమ్మకు ఆఖరి తమ్ముడు. రాజమండ్రిలో నిక్షేపంలా ఉన్నాడు. పోయింది నా గేమ్‌లో ఆయన పేరు పెట్టుకున్న సైనికుడు.

ఆ తర్వాత నాకు పడ్డ అక్షింతల సంగతి వదిలేయండి. అన్నీ అయ్యాక అమ్మ ఒక మాట అడిగింది. "నలభై దాటాయి నీకు. తెర మీద బొమ్మ పోతే అంత కేక వేస్తావా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇవాళ ఆ జవాబే చెప్పబోతున్నాను. అమ్మ కూడా వింటూ ఉండొచ్చు.

కష్టమైన స్క్వాడ్ గేములని, అంటే చిన్న దళాన్ని నడిపించే ఆటలని, ఒక రకం ఉంది. స్క్వాడ్ అనగానే ఇప్పటి పిల్లలకు పబ్‌జీ గుర్తొస్తుంది. నలుగురు స్నేహితులు నాలుగు ఫోన్లు పట్టుకుని ఆడేది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించింది, మరుసటేడు బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో అదే మళ్లీ వచ్చింది. నేను చెప్పేది అది కాదు. ఇందులో సైనికులు నలుగురైనా ఆరుగురైనా వాళ్లందరి తరఫునా ఆలోచించేది ఒక్కరే. వేళ్ల వేగంతో పెద్దగా పనిలేదు. కాలు మీద కాలేసుకుని, టీ తాగుతూ, తల బద్దలుకొట్టుకోవచ్చు.

నాకు ఈ పిచ్చి అంటించింది కమాండోస్. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని పైరో స్టూడియోస్ అనే సంస్థ 1998లో దాన్ని తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం కథ. శత్రువు వెనక్కి దొంగతనంగా దూరి, రేడియో స్టేషన్లూ వంతెనలూ పేల్చేసి రావలసిన ఆరుగురు సైనికులు. మొదటి మిషన్ నార్వేలో. అలాంటివి మొత్తం ఇరవై.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మాటల్లో చెబుతాను. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి కింద వీధిలోకి చూస్తే ఎలా ఉంటుందో ఆ తెర అలా ఉంటుంది. ముళ్లకంచె, రేవులో పడవ, అటు పదడుగులు ఇటు పదడుగులు పహరా తిరిగే జర్మన్ సైనికులు. వాళ్లలో ఎవరి చూపు ఎంతదూరం పడుతుందో మనం చూసుకోవచ్చు. ఆకుపచ్చ రంగులో విసనకర్రలాగా నేలమీద పరుచుకుంటుంది. అతను తల తిప్పినప్పుడల్లా ఆ విసనకర్రా ఊగుతుంది. దగ్గరి సగంలో పడితే మన పని అయిపోయినట్టే. దూరపు సగంలో మాత్రం నేలకి కరుచుకుని పాకితే కనబడం. ఆటంతా ఆ విసనకర్ర చుట్టూనే.

ఆరుగురిలో ఒకడి పని ఇంకొకడికి రాదు. గ్రీన్ బెరెట్ అని పిలిచే కమాండో కత్తితో పని కానిచ్చి, శవాన్ని భుజాన వేసుకుని పోయి మూల దాచేస్తాడు. దూరంనుంచి గురిచూసి కొట్టే స్నైపర్‌ దగ్గర లెక్కపెట్టినన్నే తూటాలు. ట్యాంకు దొరికినా డ్రైవర్ లేకపోతే అది ఇనప్పెట్టే. గూఢచారి శత్రువు యూనిఫాం తొడుక్కుని దర్జాగా వాళ్ల మధ్యనే నడుస్తాడు, జేబులో విషపు సూది ఉంటుంది. ఆరుగురిలో ఏ ఒక్కడు చచ్చినా మిషన్ పోయినట్టే.

మా ఊళ్లో నెట్ సెంటర్‌లో గంటకు 20 రూపాయలు. ఎవరి దగ్గరా అంత ఉండేది కాదు కాబట్టి ముగ్గురం కలిసి వేసుకునేవాళ్లం. ఒక కుర్చీ, రెండు స్టూళ్లు. ఒకడి చేతిలో మౌస్. ఇంకొకడి డ్యూటీ ఎడమవైపు కాపలావాడి మీద కన్నేసి ఉంచడం. నాది కుడివైపు. "ఆగాగు... తిరుగుతున్నాడు... తిరిగాడు... ఇప్పుడు పో, పో!" ఆ కేకలకి పక్క కంప్యూటర్లో ఈమెయిలు చూసుకునే పెద్దమనిషి విసుక్కునేవాడు. ఒక్కరు ఆడే గేమే అది, తయారుచేసినవాళ్ల లెక్కలో. ముగ్గురి బుర్రలూ కలిస్తే తప్ప మాకు దాటలేనంత కష్టంగా ఉండడం వల్ల అది ముగ్గురి ఆట అయింది. తేలిగ్గా ఉండుంటే ఎవడి గంట వాడు ఆడుకుని వెళ్లిపోయేవాడేమో.

కరెంటు పోతే యూపీఎస్ కుయ్యోమనేది, రెండు నిమిషాల్లో అంతా చీకటి. నెలకోసారి కంప్యూటర్‌ని ఫార్మాట్ కొడితే మేం సేవ్ చేసుకున్నవన్నీ గంగపాలు. అయినా ఒక ఊరట ఉండేది. మిషన్ పూర్తయ్యాక తరవాతి మిషన్‌కి వెళ్లే పాస్‌వర్డ్ తెర మీద పడుతుంది, అయిదు అక్షరాలది. వాటిని నా ఫిజిక్స్ రికార్డు వెనక అట్ట లోపలివైపు వరసగా రాసుకున్నాను. ఒకరోజు మాస్టారు రికార్డు దిద్దుతూ అట్ట తిప్పి చూసి, "ఇదే పాఠంలోదిరా?" అన్నారు. మేం పన్నెండో పాఠం దాటలేకపోయాం.

ఇప్పుడు కాస్త వెనక్కి, మా నాయనమ్మ దగ్గరికి వెళ్తాను. ఆవిడ వేసవి సెలవుల్లో అరుగు మీద సుద్దముక్కతో పులిజూదం గీసేది. ఒకవైపు 3 పులులు, ఇంకోవైపు 15 మేకలు. పులులు చింతగింజలు, మేకలు గులకరాళ్లు. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. మేకకి తినడం రాదు. పదిహేనూ ఒకదానికొకటి ఆనుకుని, పులి కదలకుండా దారులన్నీ మూసేయాలి. పిల్లలమందరం పులుల కోసం కొట్టుకునేవాళ్లం. నాయనమ్మ ఎప్పుడూ మేకల వైపే కూర్చునేది. "పులుల్తో ఎవడైనా ఆడతాడు" అనేది, తమలపాకు నమిలేస్తూ.

మార్కెట్లో ఎక్కువ గేములు మనల్ని పులిని చేస్తాయి. ఒంటరి వీరుడు, తరగని తూటాలు, దెబ్బ తగిలినా పది సెకన్లు గోడచాటున కూర్చుంటే మానిపోయే ఒళ్లు. స్క్వాడ్ గేముల్లో మనకిచ్చేది మేకల్ని. ఒక్కొక్కడూ బలహీనుడు. వెనకా పక్కనా గడి ఖాళీ వదిలితే పోతాడు. నాకు తెలిసి వీటిలో ఉన్న మజా అంతా ఈ మేకల మజాయే.

అది బాగా ఒంటబట్టింది మాత్రం ఎక్స్‌కామ్‌తో. ఇంగ్లండ్‌కు చెందిన జూలియన్ గాలప్, ఆయన తమ్ముడు నిక్ కలిసి చేసిన మొదటి ఎక్స్‌కామ్ 1994లో వచ్చింది. నేను ఆడింది 2012లో అమెరికాలోని ఫిరాక్సిస్ సంస్థ దాన్ని కొత్తగా తిరిగి చేసినది. జేక్ సాలమన్ నాయకత్వంలో తయారైంది. వేరే గ్రహాలవాళ్లు భూమి మీద పడతారు. వాళ్లని ఎదుర్కోవడానికి మన చేతికి నలుగురు కుర్రాళ్లని ఇస్తారు, తుపాకీ పట్టడం నిన్ననే నేర్చుకున్నట్టుంటారు. పోనుపోను ఆరుగురిదాకా తీసుకెళ్లొచ్చు. చదరంగంలాగా మన వంతు, తర్వాత వాళ్ల వంతు. చచ్చినవాడు మళ్లీ రాడు. స్థావరంలో ఒక గోడ ఉంటుంది, పోయినవాళ్ల పేర్లన్నీ దాని మీదికి చేరతాయి. పైగా సైనికులకి మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చు. చుట్టాల పేర్లు పెట్టడం మొదలెట్టాక ఆ గోడ వైపు చూడాలంటే గుండె దడ.

తుపాకీ గురిపెట్టగానే తగిలే అవకాశం ఎంతో తెర మీద అంకె వేస్తారు. 95 శాతం అని ఉంటే మన మనసు నూటికి నూరూ అని చదువుకుంటుంది. తప్పితే మోసం అంటాం. లెక్కవేస్తే, 95 శాతం దెబ్బలు వరసగా 20 కొట్టినప్పుడు ఇరవైకి ఇరవై తగిలే అవకాశం 36 శాతమే. అంటే ఎక్కడో ఒకచోట తప్పడమే మామూలు. ఈ సంగతి తయారుచేసినవాళ్లకీ తెలుసు. అందుకే తేలిక స్థాయిల్లో ఆట మనకి తెలియకుండా సాయం చేస్తుంది. వరసగా తప్పుతుంటే తర్వాతి దెబ్బకి అవకాశం లోపల్లోపల పెంచుతుంది, తెర మీద మాత్రం పాత అంకే చూపిస్తుంది. ఓడిపోతున్న పిల్లాడికి తాతయ్య దొంగచాటుగా గవ్వ తిప్పినట్టు. అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో ఈ తాతయ్య ఉండడు. అది తెలిశాక తేలిక స్థాయిలో గెలిచినా నాకు రుచించలేదు.

ఆటని ఉన్నచోటే సేవ్ చేసి పెట్టుకుని, తప్పితే అక్కడినుంచి మళ్లీ లోడ్ చేసుకోవచ్చు కదా అంటారు. కమాండోస్‌లో మేం చేసింది అదే. ఒక అడుగు, ఒక సేవ్. ఆ బాటలోనే 2016లో జర్మనీలోని మిమిమి గేమ్స్ షాడో టాక్టిక్స్ అని చేసింది. పాత జపాన్‌లో జరుగుతుంది, అయిదుగురు మనుషులు. అందులోనైతే సేవ్ చేసి ఎంతసేపైందో ఆటే గుర్తుచేస్తూ ఉంటుంది. చాలా అందమైన గేమ్. కానీ ఆ సంస్థ 2023లో ఇక మూసేస్తున్నామని ప్రకటించింది. నా మనసులో చిన్న మాట ఒకటుంది. ఈ రకం గేము తాళం లాంటిది. చెవి ఎవరో ముందే చేసి దాచిపెట్టారు, మనం వెతుకుతాం. దొరికితే సంతోషమే, అయినా ఆ ప్లాను వాళ్లదే.

ఎక్స్‌కామ్‌లో ఐరన్‌మ్యాన్ అని ఒక పద్ధతి ఉంది. ఒకే ఒక్క సేవ్, అదీ ఆటే చేసుకుంటుంది. వెనక్కి పోయే దారి లేదు. మామూలు పద్ధతిలో కూడా ఒక మడతపేచీ పెట్టారు. గురి తప్పాక లోడ్ చేసి అక్కడినుంచే అదే దెబ్బ మళ్లీ కొడితే మళ్లీ తప్పుతుంది. అదృష్టాన్ని ముందే రాసేసి పెట్టారన్నమాట. ఒక రాత్రి ఎన్నిసార్లు కొట్టి చూశానో చెబితే నవ్వుతారు.

ఇంతకీ మామయ్య ఎలా పోయాడో చెప్పాలి.

నిజం మామయ్యకు మందుల షాపుంది. అందుకని గేమ్‌లో మామయ్యకి మెడికిట్ ఇచ్చాను. పదకొండు మిషన్లు బతికి లెఫ్టినెంట్ అయ్యాడు. ఆ ఆదివారం నగరంలో వీధి, రాత్రి వేళ. మా బావ పేరున్నవాడికి దెబ్బ తగిలి రోడ్డు మీద కుప్పకూలాడు. రక్తం కారుతోంది, మూడు వంతులు గడిచేలోపు సాయం అందకపోతే మనిషి దక్కడు. మామయ్య ఒక కారు చాటున ఉన్నాడు. ఆ కారుకి నిప్పంటుకుంది. ఎక్స్‌కామ్‌లో కాలే కారు పక్కన ఉండకూడదు, పేలిపోతుంది. అంటే కదలాల్సిందే. తిన్నగా బావ దగ్గరికి వెళ్తే ఎదుట మేడ మీదున్నవాడికి దొరికిపోతాడు. ఎడమ పక్కనుంచి, ఒక ట్రక్కు చుట్టూ తిప్పి తీసుకెళ్తే చాటు ఉంటుంది. రెండు నిమిషాలు చూసి ఎడమకే నడిపించాను.

ఒక్క గడి ఎక్కువ నడిపాను. ఆ గడిలో కాలు పెట్టగానే, అప్పటిదాకా మేం చూడని సందు ఒకటి తెరుచుకుంది. అందులో ముగ్గురు. ఈ గేమ్‌లో కొత్తవాళ్లు కంటపడ్డారంటే వెంటనే చాటుకి చెదిరిపోతారు. తర్వాత వాళ్ల వంతు. మామయ్యకి కుడివైపు ట్రక్కు ఉంది, ఎడమ పక్క ఏమీ లేదు. వెనక గడి ఖాళీ ఉన్న మేక.

అప్పుడు వేసిన కేక అది. అమ్మా, బొమ్మ పోయిందని కాదు అరిచింది. కారుకి నిప్పంటుకోవడం నా చేతిలో లేదు. బావకి దెబ్బ తగలడమూ అంతే. ఆ ఒక్క గడి మాత్రం నాది. ఆట నన్ను మోసం చేసుంటే నాలుగు తిట్టుకుని లేచి పెసరట్టు తినేవాణ్ణి. ఆ రోజు అట్టు చల్లారిపోయింది, నేను మాత్రం మిగిలిన ముగ్గురితో బావని ఎలా కాపాడాలా అని కూర్చున్నాను. ప్లాను చెడిపోయాక మిగిలిన సరుకుతో చేసే ఆ సర్దుబాటు ఉంది చూశారూ, గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు. బావ బతికాడు. ముగ్గురితో బయటపడ్డాను, అందులో ఒకడు కుంటుతూ. గెలిచిన మిషన్లు ఎన్నో మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదు.

చంపుకునే ఆటలే కదా ఇవన్నీ అంటే, అవును. చిన్నపిల్లలకి కాదు. అమెరికాలో ఎక్స్‌కామ్‌కి 17 ఏళ్లు నిండినవాళ్లకని రేటింగ్ ఇచ్చారు, అది సబబే. నిద్ర విషయంలో పెద్దవాళ్లకీ ప్రమాదమే. "ఒక్క వంతు, అంతే" అనుకుంటూ తెల్లారి మూడైన రాత్రులున్నాయి నాకు.

ఆ సాయంత్రం పెసరట్లు అయ్యాక అమ్మ తేల్చి చెప్పేసింది, ఇకమీద తన తమ్ముళ్ల పేర్లు పెట్టడానికి వీల్లేదని. "పోనీ నీ పేరు పెట్టనా?" అన్నాను. కాసేపు ఆలోచించింది. "పెట్టుకో. ముందుకి మాత్రం తోయకు. వెనకాల ఎక్కడన్నా కూర్చోబెట్టు" అంది. అందుకని స్నైపర్‌ని చేశాను. తోటివాళ్ల కంటికి కనబడ్డ శత్రువుని ఎక్కడో వెనక మేడ మీదినుంచే కొట్టగలదు. ఇప్పుడు కల్నల్. అంతకన్నా పై హోదా లేదు.

ఈ నెల అమ్మ రాజమండ్రిలో మామయ్య ఇంట్లో ఉంది. మొన్న ఫోన్‌లో అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి, "నేనున్నానా ఇంకా?" అని అడిగింది. ఉన్నావమ్మా, చిన్న దెబ్బ తగిలింది, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండాలి అన్నాను. "మరి నా బదులు ఎవర్ని పంపుతున్నావు?" అంది.

అక్కడ వానలు ఎలా ఉన్నాయని అడిగాను.