థిన్నింగ్‌లో పొన్సె స్కార్పియన్: క్రేన్ అడ్డు లేకపోతే ఇంత హాయా!

నమస్తే అందరికీ! ముందే చెప్పేస్తున్నా, ఈ పొన్సె స్కార్పియన్, అంటే అడవిలో చెట్టుని పట్టి, కోసి, కొమ్మలు ఒలిచే హార్వెస్టర్ బండిని, డీలర్ ఒక పూట నడిపి చూడమని ఊరికే ఇచ్చాడు. డీజిల్ వాళ్లది, మాట మాత్రం నాది. హార్స్‌పవర్, బరువు మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, మళ్లీ చదవను.

నేను క్రేన్, అంటే చెట్టుని అందుకునే బండి పొడుగు చెయ్యి, గురించే మాట్లాడతా. ఇక్కడ ఫిన్లాండ్‌లో చాలా హార్వెస్టర్లకి క్రేన్ మొదలు క్యాబిన్ ముందో పక్కనో ఉంటుంది. అటువైపు చూడాలంటే మెడ సాచాల్సిందే. నేను ఇదివరకు నడిపిన బండి, పేరెందుకులెండి, సాయంత్రానికి మెడ పట్టేసేది. దీనికేమో క్రేన్ రెండు పాయలుగా చీలి క్యాబిన్ నెత్తి మీదుగా వెళ్తుంది. క్రేన్ ఎటు తిరిగితే సీటూ అటే. కాండం మొదలు నుంచి కొస దాకా ముందు అద్దంలోంచి కనబడుతుంది!

మొత్తం నరికేసే చోట ఇదంత పెద్ద విషయం కాదు. థిన్నింగ్‌లో, అంటే కొన్ని చెట్లు తీసి మిగతావి పెరగనిచ్చే పనిలో, అలా కుదరదు. తియ్యాల్సిన పైన్, ఉంచాల్సిన పైన్ పక్కపక్కనే ఉంటాయి. మనం తిరిగే దారి 4 మీటర్ల వెడల్పు, దారికీ దారికీ మధ్య 20 మీటర్లు. అంటే అటూ ఇటూ 10 మీటర్లు చెయ్యి చాపి, మిగతా చెట్ల సందులోంచి ఒకదాన్ని లాగాలి. ఉంచిన చెట్టు బెరడు గీరుకుపోయిందంటే అక్కడే పుచ్చు మొదలవ్వొచ్చు. కనబడకపోతే చెయ్యి నెమ్మదిస్తుంది, సెకన్లు అక్కడే పోతాయి.

ఇక ప్రొడక్టివిటీ. ‘గంటకి ఎంత తీస్తుంది?’ అని అడుగుతారు. నేనేమో ‘చెట్టు ఎంత లావు?’ అంటా. సన్నదైనా చెయ్యి చాపాలి, పట్టాలి, కొయ్యాలి, కొమ్మలు ఒలవాలి. లెక్కకి గంటకి 90 చెట్లు అనుకోండి, ఒక్కోటి 0.07 ఘనపు మీటర్లయితే వచ్చేది 6.3. చెట్టు 0.3 అయితే, టైమ్ ఎక్కువ పట్టి 60కే పడిపోయినా, 18! అదే బండి, అదే డ్రైవరు. చెట్లింకా సన్నగా ఉండే మొదటి థిన్నింగ్‌లో ఏ బండీ అద్భుతాలు చెయ్యదు. అది ఒక్కటే చేసేవాళ్లకి ఇంకా చిన్న బండి చాలు, డబ్బూ మిగులుతుంది.

అయినా సరే, నా ఓటు దీనికే. రాయి ఎక్కినా క్యాబిన్ సమంగానే ఉంది, కప్పులో కాఫీ తొణకలేదు. మనసు పారేసుకున్నాక లెక్కలేంటండీ!

ఒంగోలు నుంచి ఒకాయన సుబాబుల్ తోటకి పనికొస్తుందా అని అడిగారు. అన్నా, మీరు తోటంతా ఒకేసారి కొట్టేస్తారు, పక్కన కాపాడాల్సిన చెట్టే ఉండదు. ఈ చూపు కోసం అంత డబ్బు పొయ్యొద్దు.