మీ వైఫై పాస్‌వర్డు మీ ఫోన్ నంబరేనా? అయితే ఈ వీడియో మీకే

నమస్కారం అండీ. విజయనగరంలో ఇప్పుడు ఏ వీధికెళ్లినా ఫైబర్ నెట్టే. స్తంభం మీంచి నల్ల కేబుల్ ఒకటి కిటికీ సందులోంచి లోపలికొస్తుంది, గోడకి ఒక తెల్ల డబ్బా, దాని మీద పచ్చ లైట్లు. బిగించడానికొచ్చిన కుర్రాడు పని అయిపోయాక "పాస్‌వర్డు ఏం పెట్టమంటారు?" అని అడుగుతాడు, మనం ఆలోచించేలోపు తనే "మీ ఫోన్ నంబర్ పెట్టేస్తాను సార్, గుర్తుంటుంది" అంటాడు. సరే అంటాం. ఇక ఆ డబ్బా పాడయ్యేదాకా అదే పాస్‌వర్డు. ఆ కుర్రాడిని నేనేమీ అనను, పాపం ఇంకా నాలుగిళ్లు తిరగాలి. కానీ ఇల్లు మనది కాబట్టి ఆయన వెళ్లాక చేయాల్సిన పని మనదే.

ఫోన్ నంబర్‌తో ఇబ్బందేంటో లెక్కేసి చూద్దాం. మన దేశంలో మొబైల్ నంబర్ పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లో ఏదో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? గేమింగ్ కంప్యూటర్‌లో ఉండే మంచి గ్రాఫిక్స్ కార్డు వైఫై పాస్‌వర్డులని సెకనుకి 10 లక్షల దాకా ప్రయత్నించగలదు. 400 కోట్లని 10 లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు, గంటా పది నిమిషాల లోపు. పైగా మీ పాస్‌వర్డు పట్టుకోవాలనుకునేవాడు మీ గుమ్మం ముందు నిలబడక్కర్లేదు. మీ ఫోన్ రౌటర్‌కి, అంటే గోడ మీది ఆ తెల్ల డబ్బాకి, కనెక్ట్ అయ్యేటప్పుడు రెండింటి మధ్య గాల్లో జరిగే చిన్న సంభాషణని రికార్డు చేసుకుంటే చాలు, మిగతా లెక్కంతా వాడింట్లో తీరిగ్గా నడుస్తుంది. తప్పు పాస్‌వర్డులు ఎన్ని ప్రయత్నించినా మీ రౌటర్‌కి తెలియదు. ఇక వైఫైకి మీ పేరే పెట్టి, షాపు బోర్డు మీద మీ నంబర్ రాయించి ఉంటే ఆ గంట కూడా అక్కర్లేదు.

"మా నెట్ వాడుకుంటే వాడుకోనీ, పోయేదేముంది" అంటారు చాలామంది. 2008 జులైలో అహ్మదాబాద్ బాంబు పేలుళ్లకి కాసేపు ముందు మీడియా సంస్థలకి ఒక బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. అది ఎక్కడ నుంచి వచ్చిందని పోలీసులు వెతుక్కుంటూ వెళ్తే నవీ ముంబైలో ఒక ఇంట్లో తేలింది. ఆ ఇంటాయనకి దాంతో ఏ సంబంధమూ లేదు, ఆయన వైఫైకి సరైన రక్షణ లేదు, అంతే. ఎవరో దాన్ని వాడుకున్నారు, ప్రశ్నలు మాత్రం ఆయన ఎదుర్కోవాల్సి వచ్చింది. నెట్‌లో ఏం జరిగినా ముందు కనిపించేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే. మన ఊళ్లల్లో ఆ కనెక్షన్ చాలాసార్లు నాన్నగారి పేరు మీదో, ఇంట్లో పెద్దాయన పేరు మీదో ఉంటుంది, ఆ వయసులో స్టేషన్ చుట్టూ తిరగాల్సిన అవసరం వాళ్లకెందుకు?

అలాగని లేనిపోని భయం పెట్టను. పక్కింటివాడు మీ వైఫైలోకొస్తే వెంటనే మీ బ్యాంకు పాస్‌వర్డు కనిపించిపోతుందని కొన్ని వీడియోల్లో చెప్తుంటారు, అది నిజం కాదు. బ్యాంకు యాప్‌లో మీరు టైప్ చేసేది ఫోన్‌లోంచి బయటికొచ్చేటప్పుడే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారిపోతుంది. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. లోపలికొచ్చినవాడు రౌటర్ సెట్టింగ్స్ తెరవగలిగితే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుని బట్టి దాని అడ్రస్ చెప్పే డైరెక్టరీ లాంటిది) మార్చేస్తాడు, అప్పుడు మీరు ఒక వెబ్‌సైట్ పేరు కొడితే ఫోన్ వాడు చూపించిన చోటికి పోతుంది. ఇంట్లో కెమెరా ఉంటే దాని తలుపు కూడా తడతాడు.

సరే, పనిలోకి దిగుదాం. రౌటర్‌ని తిరగేసి చూడండి, కింద చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద ఒక అడ్రస్, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, జియో డబ్బా అయితే 192.168.29.1. పక్కనే యూజర్ నేమ్, పాస్‌వర్డు ఉంటాయి. ఫోన్‌ని వైఫైకి కనెక్ట్ చేసి ఆ అంకెల్ని బ్రౌజర్ పైనున్న అడ్రస్ బార్‌లో కొట్టండి. గూగుల్ సెర్చ్‌లో కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లాగిన్ పేజీ వస్తుంది. ఇది వైఫై పాస్‌వర్డు అడగట్లేదు, రౌటర్‌ది వేరే పాస్‌వర్డు, అడ్మిన్ పాస్‌వర్డు. కొన్నింటికి ఇప్పటికీ అడ్మిన్, అడ్మిన్ అని కొడితే తెరుచుకుంటుంది. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ ఇలాంటి అరవైకి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే ప్రపంచంలో లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరి, అక్టోబరులో ఒకరోజు అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు చాలామందికి తెరుచుకోకుండా చేసింది. అందుకే మొట్టమొదట మార్చాల్సింది ఈ అడ్మిన్ పాస్‌వర్డు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పాస్‌వర్డు గుర్తులేదని రౌటర్ వెనక చిన్న కన్నంలో పిన్నీసు గుచ్చి రీసెట్ చేయకండి. మామూలు రౌటర్ అయితే పర్వాలేదు కానీ, ఫైబర్ డబ్బాల్లో మీ కనెక్షన్ వివరాలు కూడా లోపలే సేవ్ అయి ఉంటాయి. అవి చెరిగిపోతే కంపెనీ మనిషి మళ్లీ వచ్చి ఎక్కించేదాకా నెట్ ఉండదు, ఆదివారం చేశారంటే ఇంట్లో ఎంత గోలో మీకే తెలుసు. ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి.

లోపలికెళ్లాక వైర్‌లెస్ సెక్యూరిటీ అన్న చోట వైఫైకి తాళం వేసే పద్ధతుల పేర్లు ఉంటాయి. వాటిలో డబ్ల్యూపీఏ3 కనిపిస్తే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసున్నది పెట్టండి, పాత ఫోన్లు కూడా పనిచేస్తాయి. లేకపోతే డబ్ల్యూపీఏ2, ఏఈఎస్. డబ్ల్యూఈపీ అని ఉంటే మాత్రం అస్సలు వద్దు, దాన్ని పగలగొట్టే పద్ధతి 2001లోనే బయటపడింది.

డబ్ల్యూపీఎస్ ఆపేయండి. ఎనిమిదంకెల పిన్‌తో పాస్‌వర్డు లేకుండా కనెక్ట్ అయ్యే సౌకర్యం అది. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టి వస్తుంది, పైగా రౌటర్ ఆ పిన్‌ని రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూస్తుంది. అందుకని పది కోట్ల ప్రయత్నాలు అవసరం కావాల్సింది 11,000కి పడిపోతుంది. ఈ లోపం 2011లోనే బయటపడినా పాత డబ్బాల్లో ఆ స్విచ్ ఇంకా ఆన్‌లోనే ఉంటోంది. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయట నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరిచే సౌకర్యం) కూడా ఆఫ్. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలుండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేసేయండి.

ఇప్పుడు వైఫై పాస్‌వర్డు. మన భాషలో మాటలే తీసుకోండి, కానీ ఒకదానికొకటి సంబంధం లేనివి నాలుగు: పనసపొట్టు, గొడుగు, మంగళవారం, తిరగలి. ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాసి మధ్యలో ఎక్కడో రెండంకెలు. (నేను చెప్పినవే పెట్టకండి, ఈ వీడియో అందరూ చూస్తారు.) అమ్మకి ఫోన్‌లో చెప్పడం కూడా తేలిక, "క్యాపిటల్ ఆర్, తర్వాత డాలర్ గుర్తు" అని బాధపడక్కర్లేదు. పైడితల్లి అనో, పిల్లల పేరు పక్కన 123 అనో మాత్రం వద్దు, ఎవరైనా ముందు ప్రయత్నించేది అవే. మార్చగానే ఇంట్లో టీవీ, కెమెరా, ఫోన్లు అన్నీ ఒక్కసారి డిస్కనెక్ట్ అవుతాయి, టెన్షన్ పడకండి, ఒక్కొక్కదానికి కొత్తది ఇస్తే సరిపోతుంది.

అసలు కష్టం ఇప్పుడొస్తుంది. మన వైపు పాత వీధుల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింటి పిన్నిగారు వచ్చి "ఏటి బాబూ, మా గుంటడికి ఆన్‌లైన్ పరీక్షంట, ఓపాలి వైఫై ఇస్తావా" అని అడిగితే కాదని ఎలా అంటాం? అనకండి కూడా. కానీ ఆ ఒక్క ఫోన్‌లోకి వెళ్లిన పాస్‌వర్డు అక్కడితో ఆగదు. ఆండ్రాయిడ్‌లో షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డు అక్షరాల్లో ఉంటుంది. ఆ అబ్బాయి స్నేహితుడికి చూపిస్తాడు, ఆ స్నేహితుడు ఇంకొకడికి. ఎవరిదీ దురుద్దేశం కాదు, అయినా నెల తిరిగేసరికి వీధంతా మీ నెట్‌లోనే ఉంటుంది.

దీనికి గెస్ట్ నెట్‌వర్క్ ఉంది. చాలా రౌటర్లలో ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టండి, లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ అన్న టిక్ తీసేయండి. అందులోకి వచ్చినవాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, మీ కెమెరా, ప్రింటర్ కనిపించవు. సిరిమానోత్సవానికి చుట్టాలంతా దిగినప్పుడు అదే ఇవ్వండి, జాతర అయ్యాక దాని పాస్‌వర్డు ఒక్కటీ మార్చేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు.

వైఫై పేరు దాచేయడం, మ్యాక్ ఫిల్టర్ (ప్రతి ఫోన్‌కీ ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు నంబర్ చూసి, మనం ఒప్పుకున్నవాటినే రానిచ్చేది) పెట్టడం గురించి చాలామంది చెప్తారు. వాటి మీద టైమ్ వృథా చేయొద్దనే నా సలహా. దాచిన పేరు చిన్న యాప్‌తో కూడా దొరుకుతుంది, మ్యాక్ అడ్రస్ గాల్లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని కాపీ కొట్టడం తేలిక, పైగా కొత్త ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో అడ్రస్ చూపించడంతో చివరికి బయట నిలబడేది మీరే.

చివరగా కెమెరాలు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరే. వాళ్ల కోసమని హాల్లో ఒక కెమెరా పెట్టిస్తున్నారు, మంచిదే. కానీ బిగించినాయన పెట్టిన పాస్‌వర్డే ఉంటే మీ అమ్మానాన్నల్ని మీతో పాటు ఇంకెవరైనా చూడగలరు. కాబట్టి ఈ రాత్రి వాళ్లకి ఫోన్ చేసినప్పుడు ఆ యాప్ తెరిచి పాస్‌వర్డు మార్చండి, షేర్డ్ యూజర్స్‌లో మీకు తెలియని పేరుంటే తీసేయండి. ఎక్కడైనా ఆగిపోతే మీ రౌటర్ మోడల్ నంబర్ కామెంట్‌లో రాయండి, నేను చూసి చెప్తాను. మోడల్ నంబర్ మాత్రమే, ఆ స్టిక్కర్ ఫోటో తీసి పెట్టకండి.