ఆ రెండు వారాల్లో మీరు ఏ తప్పూ చేయలేదు

అందరికీ నమస్కారం.

నేను ఐవీఎఫ్ ల్యాబ్‌లో, అంటే అండాన్నీ శుక్రకణాన్నీ శరీరం బయట కలిపే చోట, పిండాలను చూసుకునే మనిషిని. మీకు డాక్టరుగారు బాగా తెలుసు, నన్ను మాత్రం చాలా వరకు ఒక్కసారే చూస్తారు. పిండాన్ని గర్భాశయంలో ఉంచే రోజున పక్క గది తలుపు తెరుచుకుని వచ్చి, మీ పేరు మరోసారి అడిగి, సన్నని మెత్తని గొట్టంలో మీ పిండాన్ని తెచ్చి డాక్టరు చేతికి ఇచ్చేది నేనే.

రెండు వారాల తర్వాత రక్తపరీక్షలో గర్భం రాలేదని తేలితే, వినిపించే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "నేను ఏం తప్పు చేశాను?" మెట్లు ఎక్కినందుకా, గట్టిగా దగ్గినందుకా, ఒకరాత్రి నిద్ర పట్టక ఏడ్చినందుకా? ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆడవాళ్లే అడిగారు, తమనే నిందించుకుంటూ అడిగారు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా వాళ్లకు నేను ఇవ్వాలనుకున్న జవాబే.

గర్భాశయాన్ని చాలామంది ఖాళీ కుండలా ఊహించుకుంటారు. లేచి నిలబడితే పిండం కిందికి జారిపోతుందని భయపడతారు. అసలు అక్కడ ఖాళీయే లేదు. ముందు గోడ, వెనుక గోడ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మిల్లీమీటరులో పదోవంతు నుంచి అయిదోవంతు వరకు ఉండే పిండం, ఒక చిన్న ద్రవబిందువుతో పాటు ఆ రెండు తడి పొరల మధ్య ఉంటుంది. మూత్రానికి వెళ్తే జారిపోతుందనీ భయపడకండి, మూత్రం వచ్చే దారి వేరు, ఇది వేరు. బదిలీ అయ్యాక, అంటే పిండాన్ని లోపల ఉంచాక, మంచం మీద కదలకుండా పడుకోబెట్టి చూసిన పరీక్షల్లో దాని వల్ల మేలేమీ కనబడలేదు. అందుకని లేచి నడవండి, మామూలుగా ఉండండి.

మరి ఫలితం ఎక్కడ తేలుతోంది? చాలా వరకు అండంలోనే, అదీ మీరు మా గడప తొక్కక ముందే.

ఆడపిల్ల తల్లి కడుపులో అయిదు నెలల శిశువుగా ఉన్నప్పుడే ఆమెలో 60–70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి 10–20 లక్షలు, రజస్వల అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. సంఖ్య తగ్గడం ఒక ఎత్తు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ కణాలన్నీ విభజన మొదలుపెట్టి సగంలో ఆగిపోయి ఉంటాయి. క్రోమోజోములు జతలు జతలుగా, ప్రొటీన్ల పట్టుతో కలిసి ఉండి, విడుదలయ్యే నెల కోసం ఎదురుచూస్తాయి. ఇరవై అయిదేళ్ల స్త్రీ అండం ఇరవై అయిదేళ్లు, నలభై ఏళ్ల స్త్రీ అండం నలభై ఏళ్లు ఎదురుచూసినట్టే. కాలం గడిచేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. చివరికి విభజన జరిగేటప్పుడు ఒక క్రోమోజోము అటో ఇటో తప్పిపోతుంది. ఇలా లెక్క తప్పిన పిండాలు ముప్పై అయిదు దాటాక వేగంగా పెరుగుతాయి, నలభై దాటిన వారిలో సగానికి మించి ఉంటాయి. వాటిలో చాలా పిండాలు గర్భాశయానికి అతుక్కోవు. అతుక్కున్నవాటిలోనూ ఎక్కువ భాగం తొలి వారాల్లోనే ఆగిపోతాయి.

ఇది గర్భాశయం దోషం కాదని మనకు ఎలా తెలుసు? వయసు మీరిన స్త్రీకి చిన్న వయసు దాత అండంతో ఏర్పడిన పిండాన్ని ఉంచితే, విజయావకాశం దాదాపు దాత వయసునే అనుసరిస్తుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ఎంతో అపరాధభావం తొలగిపోతుందని నా నమ్మకం.

ఏఎంహెచ్ అనే హార్మోను రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్ష గురించి ఒక మాట. అది ఎన్ని అండాలు రావచ్చో చెబుతుంది. అవి ఎంత మంచివో చెప్పదు. తక్కువ ఏఎంహెచ్ ఉన్న ముప్పై ఏళ్ల స్త్రీకి, ఎక్కువ ఏఎంహెచ్ ఉన్న నలభై రెండేళ్ల స్త్రీ కన్నా ఒక్కో అండం మీద ఆశ ఎక్కువ.

మగవారి సంగతి దాచకూడదు. శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజు పొగ మానేస్తే ఆ మేలు మూడు నెలల తర్వాత నా సూక్ష్మదర్శిని కింద కనబడుతుంది. చికిత్స తేదీ ఖరారయ్యాక కాదు, దానికి ముందే మొదలుపెట్టాల్సిన పని అది. పొగతాగడం స్త్రీ అండాలకూ హాని చేస్తుంది.

ల్యాబ్‌లో మొదటి రెండు మూడు రోజులు పిండం అండంలో దాచిన సరుకుతోనే బతుకుతుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో దాని సొంత జన్యువులు పని అందుకుంటాయి. చాలా పిండాలు అక్కడే ఆగిపోతాయి. పది పక్వమైన అండాల్లో ఏడెనిమిది ఫలదీకరణ చెందితే, వాటిలో సుమారు సగం అయిదో రోజు బ్లాస్టోసిస్ట్ దశకు, అంటే లోపల ద్రవం నిండిన చిన్న బంతిలా మారే దశకు, చేరతాయి. ఈ సంఖ్య తగ్గుతున్నప్పుడు ఫోను చేసి చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. కానీ ఆగిపోయిన పిండాన్ని మూడో రోజే లోపల ఉంచినా ఎక్కువ సందర్భాల్లో ఆగిపోయేదే.

ఐవీఎఫ్ ద్వారా ప్రపంచంలో మొదటగా 1978 జూలై 25న పుట్టిన బిడ్డ లూయీ బ్రౌన్, మందులతో అండాలు పెంచకుండా సహజంగా వచ్చిన ఒకే ఒక అండంతో ఏర్పడిన పిండం. ఎనిమిది కణాల దశలో తల్లి గర్భాశయంలో ఉంచారు. ఆ పని సాధించిన శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్, డాక్టరు ప్యాట్రిక్ స్టెప్టో పేర్లు అందరికీ తెలుసు. ల్యాబ్‌లో ఆ పని చూసిన జీన్ పర్డీ పేరు చాలాకాలం మరుగున ఉండిపోయింది. నా వృత్తికి ఆమె మొదటి మనిషి, అందుకే ప్రతి వేదిక మీదా ఆమెను తలుచుకుంటాను.

గర్భాశయం వంతు కూడా ఉంది. లోపలి పొర పిండాన్ని స్వీకరించేది నెలలో కొద్దిరోజులే. అందుకే అయిదో రోజు పిండాన్ని ఉంచేందుకు, ఆ పొరను సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ హార్మోను మందు మీకు మొదలుపెట్టిన తేదీని అంత జాగ్రత్తగా లెక్కిస్తాం. మందు వేళ తప్పవద్దని నర్సు పదేపదే చెప్పేది అందుకే. పొర ఏడు మిల్లీమీటర్లకు తగ్గితే అవకాశం తగ్గుతుంది. లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ గడ్డను, నీరు నిండిన ఫాలోపియన్ నాళాన్ని (అండాశయం నుంచి గర్భాశయానికి అండం వచ్చే గొట్టాన్ని) ముందే సరిచేయించుకోవాలి. ఆ నాళంలోని నీరు గర్భాశయంలోకి కారుతుంది. బదిలీకి ముందు ఆ నాళాన్ని తొలగిస్తే ఫలితం మెరుగవుతుందని పరీక్షల్లో తేలింది.

రెండు పిండాలు ఉంచమని చాలామంది బతిమాలతారు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ కవలలు నెలలు నిండక ముందే పుట్టే ప్రమాదం ఎక్కువ, తల్లికీ ముప్పు ఎక్కువ. మంచి పిండం ఉంటే ఒకటి ఉంచి, మిగతావి గడ్డకట్టించి దాచుకోవడమే మేలు.

అదనంగా డబ్బు కట్టమనే ప్రక్రియల దగ్గర ఆగి అడగండి. పిండం బాగా అతుక్కుంటుందని గర్భాశయ పొరను గీరడం చాలా చోట్ల చేసేవారు. 2019లో వెలువడిన పెద్ద పరీక్షలో 1,364 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి చూస్తే, గీరినవారికీ గీరనివారికీ బిడ్డలు పుట్టిన శాతం ఒక్కటే. నిరూపణ లేని ఆశను అమ్మడం నాకు బాధ కలిగించే విషయం.

ఇక "ఆందోళన పడ్డావు కనుకే రాలేదు" అనే మాట. ఇంట్లో ఎవరైనా మీతో అని ఉంటే ఇది చెప్పండి. 2011లో 14 అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి పరిశీలించారు. చికిత్సకు ముందు పడిన దిగులుకూ ఆ విడతలో గర్భం రాకపోవడానికీ సంబంధం కనబడలేదు. దిగులుకు సాయం తప్పక తీసుకోండి, ఎందుకంటే దిగులు దానంతట అదే భారం. దాన్ని నేరంగా మాత్రం మోయకండి.

విజయశాతం అడిగేటప్పుడు, అది దేని శాతమో కూడా అడగండి. రక్తపరీక్షలో గర్భం కనిపించడం వేరు, బిడ్డ ఇంటికి రావడం వేరు. పిండం ఉంచిన వారిలో లెక్కా, చికిత్స మొదలుపెట్టిన వారందరిలో లెక్కా? మీ వయసు వారిలో ఎంత? ఒకవేళ ఈసారి రాకపోతే, తర్వాతి విడతకు ముందు నాలుగు అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఎన్ని అండాలు వచ్చాయి, ఎన్ని పక్వమయ్యాయి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఎన్ని అయిదో రోజుకు చేరాయి. ఎక్కడ తగ్గిందో తెలిస్తే ఏం మార్చాలో మాట్లాడుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నలుగురి ముందు అడగలేనివి ఉంటే, సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను.